కొత్తగా రాస్తున్నారా? రోజుకి మానెడు నెయ్యి చాలు

ఈ శీర్షికకి వచ్చే మెసేజ్‌లలో కొన్ని వారాలుగా ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. మాటలు వేరు, బాధ ఒకటే. "అక్కా, రాసే యాప్‌లో చేరి నెలన్నర అయింది. రోజూ ఏదో ఒకటి పెడుతున్నాను. ఎవరూ పలకరించట్లేదు. నేను రాసేది బాలేదా? లేకపోతే నాతో మాట్లాడాలని ఎవరికీ లేదా?"

మొదటి ప్రశ్నకి జవాబు తేలికే. నాలుగు మంచి కథలు చదివి మనదాన్ని వాటి పక్కన పెట్టి చూసుకుంటే చాలావరకు మనకే తెలిసిపోతుంది. నాకు దిగులు పుట్టించేది రెండో ప్రశ్న. అది రాసేవాళ్లెవరో చూడండి. హాస్టల్లో కొత్తగా చేరిన అమ్మాయి. పెళ్లయి తెలియని ఊరికి వెళ్లిన ఆవిడ. ఇంట్లోంచే ఉద్యోగం చేస్తూ రోజంతా లాప్‌టాప్‌తో తప్ప మనిషితో మాట్లాడని అబ్బాయి. వీళ్లు యాప్ తెరిచింది పేరు కోసమే అనుకోను. నాలుగు మాటలు చెప్పుకునే తోడు కోసం కూడా. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తోడు కోసం వచ్చి, అక్కడ కూడా ఎవరూ పలకకపోతే ఆ ఒంటరితనం రెట్టింపవుతుంది. అందుకే ఈ వారం దీని గురించే మాట్లాడుకుందాం.

ఇస్తినమ్మ వాయినం

2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి దగ్గర్నుంచి ఫేస్‌బుక్ కథల గ్రూపుల దాకా, తెలుగులో రాసుకోవడానికి ఇప్పుడు చోటుకి కొదవ లేదు. ఫోనులో టైప్ చేసి ఒక్క బటన్ నొక్కితే కథ అచ్చయినట్టే. కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెవిలో ఒక చిట్కా ఊదుతారు. "నువ్వు వందమందిని ఫాలో అవ్వు, అందులో యాభైమంది తిరిగి ఫాలో అవుతారు. అందరి కథల కిందా 'సూపర్ అండి' అని పెట్టు, వాళ్లూ నీకు పెడతారు."

అచ్చం ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం. నోముల్లో దానికో పద్ధతి ఉంది, పసుపు కుంకుమ ఉంది, నానబెట్టిన శనగలైనా మిగులుతాయి. ఇక్కడ మిగిలేది అంకె ఒక్కటే. మీరు చదవకుండా 'సూపర్' అన్నారు. వాళ్లూ చదవకుండానే 'సూపర్' అన్నారు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. మూడువందల మంది ఫాలోయర్లున్న మనిషి రాత్రి పదకొండింటికి ఫోను పట్టుకుని "నాకెవరూ లేరు" అని నాకు మెసేజ్ పెట్టడానికి కారణం ఇదే.

ఇంకో తొందర కూడా ఉంటుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. చేరిన రోజే మూడు కవితలు, మర్నాడు సీరియల్ మొదలు, వారానికల్లా పదిహేను భాగాలు. చదివేవాళ్లకి మీరెవరో తెలిసేలోపే మీ పేరు చూస్తే నోటిఫికేషన్ ఆపేసేంత విసుగొస్తుంది.

మా ఊరి గోడలు ఏం చెబుతున్నాయంటే

నేనుండేది ద్రాక్షారామంలో. పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరస్వామి గుడి మీలో చాలామంది చూసే ఉంటారు. ఈసారి వచ్చినప్పుడు దర్శనం అయ్యాక తొందరపడి బయటికి రాకుండా ఆ రాతి స్తంభాల్ని, గోడల్ని కాస్త తేరిపార చూడండి. వాటి నిండా అక్షరాలే. వందల కొద్దీ శాసనాలు. అందులో ఎక్కువ భాగం పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటివి. తెలుగులోనూ ఉన్నాయి, సంస్కృతంలోనూ ఉన్నాయి.

వీటిలో చాలావాటిలో రాసి ఉన్నది ఒకటే విషయం. ఫలానా ఊరి ఫలానా మనిషి, ఫలానా సంవత్సరం, భీమేశ్వరుడి ముందు అఖండదీపం పెట్టించాడు. ఇచ్చినవాళ్లలో రాజులూ రాణులూ ఉన్నారు, రాజోద్యోగులూ వ్యాపారులూ ఉన్నారు. కొందరు కళింగం నుంచి, చోళదేశం నుంచి వచ్చినవాళ్లు. అంటే ఈ ఊరికి కొత్తవాళ్లు. కొత్త చోటుకి వచ్చి, తమ పేరు గోడ మీద రాయించుకున్నారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే పోస్టు పెట్టారు.

ఇక్కడ నాకు నచ్చే సంగతి ఒకటుంది. దీపం పెట్టించడం అంటే ఒక ప్రమిద కొనిచ్చి వెళ్లిపోవడం కాదు. దాత గొర్రెల్ని ఇచ్చేవాడు. ఒక దీపానికి 50 గొర్రెలు ఇచ్చిన శాసనాలున్నాయి. వాటిని ఒక కాపరి పేరున అప్పగించేవారు. ఆ కాపరి, అతని తరవాత అతని కొడుకులు, మనవలు, ఆ మందని మేపుకుంటూ రోజూ గుడికి మానెడు నెయ్యి తెచ్చి పొయ్యాలి. మంద ఎప్పటికీ తరగకూడదు, నెయ్యి ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఏర్పాటు అది.

రాయి మీద పేరు దాతది. దీపం వెలిగింది మాత్రం రోజూ వచ్చిన ఆ మానెడు నెయ్యితో. శాసనం ఎంత అందంగా చెక్కినా నెయ్యి రాకపోతే ఆ సాయంత్రానికే దీపం కొండెక్కుతుంది.

మీ ప్రొఫైల్, మీ పోస్టు, మీ ఫాలోయర్ల అంకె, ఇవన్నీ శాసనం లాంటివి. మనిషికీ మనిషికీ మధ్య వెలగాల్సిన దీపం వేరే ఉంది. దానికి కావాల్సింది రోజూ కొంచెం శ్రద్ధ. మానెడే. బిందెడు అక్కర్లేదు.

పాతికేళ్లు కూడా కాని ముచ్చట

ఇదేదో రాజుల కాలం ముచ్చట అనుకోకండి. మీరు బళ్లో ఉన్న రోజుల్లో, మీలో కొందరు పుట్టకముందు, ఇంటర్నెట్‌లో తెలుగువాళ్లు ఇలాంటి ఊరొకటి కట్టుకున్నారు.

2005, 2006 ప్రాంతంలో కంప్యూటర్లో తెలుగు అక్షరం కనిపించడమే గొప్ప. డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. అప్పుడు వీవెన్ అనే పేరుతో రాసే ఆయన 'లేఖిని' తయారు చేశారు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే పక్కనే తెలుగు వచ్చేది. ఆయనే 'కూడలి' కూడా మొదలుపెట్టారు. తెలుగులో ఎక్కడ ఎవరు కొత్త టపా రాసినా అది ఈ కూడలిలోకి వచ్చి చేరేది. (పోస్టుని అప్పుడు టపా అనేవారు. ఎంత బావుందో కదా ఆ మాట.)

ఈ కూడలి పనిచేసిన తీరు గమనించండి. ఎవరు ఇప్పుడే రాశారో వాళ్లది పైన కనిపించేది. పేరున్న రచయితదైనా, నిన్న మొదలుపెట్టిన పిల్లదైనా వరస ఒకటే. అందువల్ల కొత్త మనిషి వస్తే ఊరందరికీ తెలిసేది. మొదటి టపా కింద పాతవాళ్లు వచ్చి స్వాగతం చెప్పేవారు. 'మీ అక్షరాలు విరిగి కనిపిస్తున్నాయి, ఈ సెట్టింగ్ మార్చుకోండి' అని ఓపిగ్గా నేర్పేవారు. తప్పు రాస్తే సరిదిద్దేవారు. ఒకరు ఊరగాయ గురించి రాస్తే ఇంకొకరు మా ఇంట్లో ఇలా కాదంటూ తమ చోట ఇంకో టపా రాసేవారు.

తరవాత వాళ్లు తెర దాటి బయటికి కూడా వచ్చారు. హైదరాబాద్ యూసఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కులో నెలకోసారి, రెండో ఆదివారం పూట కలుసుకునేవారు. ఈ-తెలుగు అనే సంఘం పెట్టుకున్నారు. 2008లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాల్ తీసుకుని, వచ్చినవాళ్లందరికీ కంప్యూటర్లో తెలుగు ఎలా రాయాలో చూపించారు. జీతం లేదు, పేరు లేదు. 2009లో పుస్తకాల గురించే రాసుకునే పుస్తకం.నెట్ మొదలైందీ ఈ వాతావరణంలోనే.

అంతా తేనె, పాలు అని చెప్పను. 'అజ్ఞాత' అన్న పేరుతో వచ్చి నోటికొచ్చినట్టు మాట్లాడినవాళ్లు అప్పుడూ ఉన్నారు. కులాల గొడవలు, ప్రాంతాల గొడవలు అయ్యాయి. వాటివల్ల రాయడం మానేసినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. తరవాత ఫేస్‌బుక్ వచ్చి జనం అటు మళ్లారు. అయినా ఆ రోజుల్లో రాసినవాళ్లని ఎవరినైనా అడిగి చూడండి. ఏ టపాకి ఎన్ని హిట్లు వచ్చాయో గుర్తుండదు. ఎవరు మొదట పలకరించారో మాత్రం పేరుతో సహా చెబుతారు. చోటు మారినా అప్పుడు కుదిరిన స్నేహాలు కొన్ని ఇప్పటికీ నిలిచే ఉన్నాయి.

తెడ్డు కాదమ్మా, గెడ

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి. మా పిన్ని కూతురు రామచంద్రపురంలో డిగ్రీ చదువుతోంది. పేరు రాస్తే చంపేస్తుంది కాబట్టి చెల్లి అనే అందాం. పోయిన ఏడాది ఒక యాప్‌లో కథలు మొదలుపెట్టింది. వాయినాల పద్ధతిలో రెండువందల మంది ఫాలోయర్లని పోగేసింది. ఒక్కరూ చదవట్లేదని మూడో నెలలో అకౌంట్ తీసేద్దామని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఒక కథ కింద ఒక కామెంట్ వచ్చింది. గోదావరి పాయ దాటించే పడవవాడి కథ అది. కామెంట్ ఇంతే: "మా నాన్న పడవ నడిపేవాడమ్మా. నువ్వు రాసిన చోట నీళ్లు మోకాలి లోతే అన్నావు. అక్కడ తెడ్డు పని చెయ్యదు. గెడ వేసి నెట్టాలి."

చెల్లికి ముందు ఒళ్లు మండింది. "చూడక్కా, కథ బావుందో లేదో చెప్పకుండా తప్పు పట్టింది" అంది నాతో. నేను ఒకటే అడిగాను. "ఆ రెండువందల మందిలో నీ కథలో నీళ్లెంత లోతున్నాయో గమనించినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

చెల్లి కాసేపు ఊరుకుని, ఆవిడకి జవాబు రాసింది. థాంక్స్ అని ఊరుకోకుండా, "గెడ ఏ కర్రతో చేస్తారండీ? ఎంత పొడుగుంటుంది?" అని అడిగింది. మర్నాడు రాత్రి పెద్ద జవాబొచ్చింది. వెదురు సంగతి, గెడ చేతిలో జారిపోకుండా పట్టుకునే తీరు, వరద వచ్చినప్పుడు వాళ్ల నాన్న పడవ ఎక్కడ కట్టేవాడో, అన్నీ రాసింది.

ఆవిడ కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉంటుందట. మన గోదావరి జిల్లాల నుంచి అలా వెళ్లిన ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. పని ముగిసి ఆవిడ ఫోను పట్టుకునేసరికి అక్కడ రాత్రి పది, మనకి పన్నెండున్నర. వెతికి మరీ గోదావరి కథలే చదువుతుందట. పొద్దున్నించీ ఎవరితోనూ తెలుగు మాట్లాడే పని ఉండదు కాబట్టి.

ఇది సినిమా కథలా ముగియలేదు. చెల్లి పెద్ద రచయిత్రి అయిపోలేదు, ఆవిడ పెట్టె సర్దుకుని ఇంటికొచ్చెయ్యలేదు. ఇప్పటికీ చెల్లి కథ రాస్తే ఆవిడ చదువుతుంది. తప్పుంటే చెబుతుంది. ఈ మధ్య ఆవిడే లంకలో తన చిన్నతనం గురించి నాలుగేసి వాక్యాలు రాయడం మొదలుపెట్టింది. చెల్లి చదివి అచ్చుతప్పులు సరిచేసి పంపుతుంది. నెలకి మూడు నాలుగు మాటలు అటూ ఇటూ. చెల్లి అకౌంట్ మాత్రం అలాగే ఉంది.

మరి మనమేం చెయ్యాలి?

నేను చూసినదాన్ని బట్టి, పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతాను.

ఒకటి, ముందు చదవరి అవ్వండి. చేరిన మొదటి రెండు వారాలు రాయకపోయినా కొంప మునిగిపోదు. చదువుతూ ఉంటే ఎవరి రాత మీ మనసుకి దగ్గరగా ఉందో తెలుస్తుంది. ఒక ఐదుగురు చాలు. ఆ ఐదుగురూ పెద్ద పేరున్నవాళ్లు కానక్కర్లేదు. మీలాగే కొత్తవాళ్లయితే ఇంకా మంచిది, వాళ్లూ పలకరింపు కోసం చూస్తూంటారు.

రెండు, 'సూపర్' మానెయ్యండి. దానికి బదులు చదివితే తప్ప రాయలేని వాక్యం ఒకటి రాయండి. "మీ కథలో బామ్మ తాళంచెవి పమిటకొంగుకి కట్టుకునే చోట మా అమ్మమ్మ గుర్తొచ్చింది" లాంటిది. అర నిమిషం పట్టదు. రాసినవాళ్లు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటారు. నాకు తెలుసు, నా ఫోనులో అలాంటివి ఒక ఫోల్డరు ఉంది.

మూడు, ప్రశ్న అడగండి. అడగందే అమ్మయినా పెట్టదు. పొగడ్తకి 'థాంక్స్' అంటే మాట అక్కడితో అయిపోతుంది. ప్రశ్నకి జవాబొస్తుంది, జవాబులోంచి ఇంకో మాట పుడుతుంది.

నాలుగు, మీ ఊరిని రాయండి. దీనికి కూడా మా ఊళ్లోనే సాక్ష్యం ఉంది. శ్రీనాథుడు కొండవీటి రెడ్డి రాజ్యం పోయాక రాజమహేంద్రవరం వైపు వచ్చాడు. అంత పెద్ద కవి కూడా ఇక్కడికి కొత్తవాడే. ఇక్కడ ఆయన రాసినవాటిలో ఒకటి భీమేశ్వర పురాణం. ద్రాక్షారామం గురించి రాసి, ఇక్కడి రెడ్డిరాజుల మంత్రి బెండపూడి అన్నామాత్యుడికి అంకితమిచ్చాడు. కొత్త చోట కాలుపెట్టిన మనిషి ఆ చోటుని శ్రద్ధగా చూసి రాస్తే అక్కడివాళ్లకి దగ్గరవుతాడు. మీ విషయంలో అది మీ వీధి కావచ్చు, మీ హాస్టల్ మెస్ కావచ్చు, మీరు రోజూ ఎక్కే బస్సు కావచ్చు. ఎవరైనా రాయగలిగే ప్రేమ కవిత కన్నా, మీరు మాత్రమే చూసిన సంగతికే నిజమైన మనిషి పలుకుతాడు.

ఐదు, పలికినవాళ్లని వదలకండి. వందమంది కొత్తవాళ్ల వెంట పడే బదులు, నిన్న మాట్లాడిన ఇద్దరికి ఇవాళ జవాబివ్వండి. వాళ్లు రెండు వారాలు కనపడకపోతే "బావున్నారా?" అని ఒక్క ముక్క అడగండి.

తలుపు ఎంత తియ్యాలి?

ఇది ముఖ్యంగా చెల్లెళ్లకి, తమ్ముళ్లకి కూడా. స్నేహం పేరుతో వచ్చే ప్రతి మెసేజూ స్నేహం కాదు. కథ గురించి ఒక్క మాట కూడా లేకుండా నేరుగా ఇన్‌బాక్సులోకి వచ్చి ఫొటో అడిగేవాళ్లు, రెండో రోజే నంబరు అడిగేవాళ్లు, మూడో రోజుకి కష్టాలు చెప్పి డబ్బు అడిగేవాళ్లు ఉంటారు. "మీ కథని పుస్తకం వేస్తాం, సినిమాకి తీసుకుంటాం, ముందు ఇంత కట్టండి" అనేవాళ్లూ ఉంటారు. మొహమాటపడకండి. బ్లాక్ అనేది తిట్టు కాదు, తలుపు గడియ. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. సైబర్ మోసాలకి దేశమంతటికీ ఉన్న నంబరు అది. ఎవరైనా బెదిరిస్తుంటే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని, ఇంట్లో ఒకరికైనా చెప్పండి.

నిజమైన స్నేహం నలుగురిలో మాట్లాడ్డానికి భయపడదు. ముందు కథ కిందే మాట్లాడుకోండి. కొన్ని నెలలు గడవనివ్వండి. కలవాలనిపిస్తే ఆ పాత టపాలవాళ్లలాగే పార్కులోనో, పుస్తకాల పండగలోనో, పదిమంది మధ్య కలవండి.

ఎన్నాళ్లు పడుతుంది?

ఇది కూడా అడుగుతారు. నేను చూసినవాళ్లలో చాలామందికి ఆరు నెలలకి ఇద్దరో ముగ్గురో కుదిరారు. అంతేనా అనిపించవచ్చు. మీ ఊళ్లో, మీ కాలేజీలో, బాధొస్తే అర్ధరాత్రి ఫోన్ చెయ్యగలిగేవాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకోండి. అక్కడా అంకె ఇంతే ఉంటుంది.

ఆరు నెలలు ఇలా శ్రద్ధగా ఉన్నా ఒక చోట ఎవరూ కుదరకపోతే, చోటు మార్చండి. అన్ని ఊళ్లూ అందరికీ పడవు. కానీ రాసింది మాత్రం తీసేయకండి. చెల్లి పడవ కథ ఆవిడ కంట పడేనాటికి దాని వయసు రెండు నెలలు. అప్పటికి అది చదివినవాళ్లు పదకొండు మంది.

ఇవాళ రాత్రి ఒక పని చెయ్యండి. మీ యాప్‌లో, పది మంది కూడా చదవని కథ ఒకటి వెతకండి. చివరిదాకా చదవండి. చదివితే తప్ప రాయలేని వాక్యం ఒకటి దాని కింద రాయండి. ఏం రాశారో, అటునుంచి ఏం జవాబొచ్చిందో నాకు పంపండి. వచ్చేవారం కొన్ని ఇక్కడ వేసుకుందాం, ఆయ్!